కరెంటు లేని నాడు ఎక్కిన నీళ్ళు

లెక్కల సారుగా ముప్పై ఏళ్ళు బతికాను. ఆ ముప్పై ఏళ్ళలో స్టాఫ్ రూములో కూర్చుని ఒకే మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. "గుమస్తా కావాలంటే పరీక్ష. కానిస్టేబులు కావాలంటే పరీక్ష. బళ్ళో చాక్‌పీసు పట్టుకోవాలంటే పరీక్ష. మనల్ని ఏలేటోనికి మాత్రం ఏ పరీక్షా లేదు. ఇదెక్కడి న్యాయమయ్యా?" తోటి టీచర్లు తలలు ఊపేవాళ్ళు. వాళ్ళు ఊపేకొద్దీ నా గొంతు పెరిగేది. తెలివైనవాళ్ళ చేతుల్లో పెడితే ఊరైనా దేశమైనా ఆర్నెల్లలో బాగుపడుతుందని మనస్ఫూర్తిగా నమ్మాను. తెలివైనవాళ్ళెవరో చూడగానే పట్టేయగలనని అంతకంటే గట్టిగా నమ్మాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే పిల్లల్ని ముందు బెంచీవాళ్ళు, వెనక బెంచీవాళ్ళు అని విడదీసేవాడిని. మళ్ళీ ఏప్రిల్ దాకా ఎవరినీ కదిలించిన పాపాన పోలేదు.

రిటైరయ్యాక ఊళ్ళోనే ఉండిపోయాను. చిట్యాల దగ్గర హైవే దిగి ఆటోలో లోపలికి పోతే వస్తుంది మా ఊరు. కింద ఊరు, పైన గుట్ట వాలు మీద కాలనీ. కింది వీధిలో మాలాంటి బత్తాయి తోటలవాళ్ళం, కిరాణా దుకాణాలవాళ్ళం, జీతాలవాళ్ళం ఉంటాం. కాలనీలో ఒకప్పుడు భూమి లేని కూలీల కుటుంబాలు. ఇప్పుడు కొందరికి ఎకరమో రెండెకరాలో ఉంది, కొందరికి ఉద్యోగాలున్నాయి. కాలనీకి ఆ పక్కన గొర్ల కాపరుల ఇళ్ళు, మందలు కట్టే దొడ్లు. రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది. ఊరి మధ్యలో ఎత్తుగా ట్యాంకు. పొద్దున ఒక గంట నీళ్ళు వదులుతారు. నది నీళ్ళు, శుద్ధి చేసిన నీళ్ళు. అవి మా ఊరికి ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. అంతకు ముందు మేమంతా తాగింది బోరు నీళ్ళే. మా దగ్గర భూమిలో ఫ్లోరైడు ఉంటుంది. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, నడుము బిగుసుకుపోతుంది, పిల్లలకైతే కాళ్ళు వంకర పోతాయి.

నల్లాలైతే అందరికీ వచ్చాయి. నీళ్ళు మాత్రం కాలనీ ఆఖరి వరుస ఎక్కలేదు. ఆ వరుసలో చిట్టచివరి ఇల్లు ఒక ముసలామెది. మా బత్తాయి తోటలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. అప్పటికే నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. ఆమె నల్లా తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. అందుకని బోరింగు దగ్గరికే పోయేది. కొడుకూ కోడలూ కూలికి పోతే నాలుగేళ్ళ మనవరాలు ఆమె కొంగు పట్టుకుని తిరిగేది. "నాదేముంది సారు, నేను అయిపోయిన మనిషిని. గీ పోరి కాళ్ళు ఇంక సక్కగనే ఉన్నయి. ఇది గా నీళ్ళు తాగొద్దు," అని కనబడిన ప్రతిసారీ అనేది. నేను "అవునవును" అని బండి ముందుకు పోనిచ్చేవాడిని.

అట్లాంటి రోజుల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వు అయింది. పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే ఊరికి మంచిదని పెద్దమనుషులు కూర్చున్నారు. చివరికి ఇద్దరు మిగిలారు.

ఒకామె నా విద్యార్థిని. ముందు బెంచీ అమ్మాయి. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై నల్లగొండలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, మా కింది వీధికే కోడలుగా వచ్చింది. నోరు తెరిస్తే తెలుగూ ఇంగ్లీషూ ధారగా వచ్చేవి. నిజాయితీ గల పిల్ల కూడా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఆమె ఎవరి సొమ్మూ తినలేదు.

రెండో ఆమె గొర్ల కాపరుల ఇంటి మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మూడో తరగతితో బడి మానేసింది. ఎండాకాలం భర్త మందను తోలుకుని హుజూర్‌నగర్ వైపు కోసిన పొలాల్లోకి పోతే, పిల్లలనూ గొర్రె పిల్లలనూ ఇంటి దగ్గర సాకేది ఆమే. వాళ్ళ దొడ్డి కాలనీ ఆఖరి వరుసను ఆనుకునే ఉంటుంది. ఎందుకు నిలబడుతున్నావమ్మా అని అడిగితే ఒకటే చెప్పింది. "ఆఖరింటికి నీళ్ళెక్కియ్యాలె. ఇంకేం లేదు."

పెద్దమనుషులకు ఎటూ తేలలేదు. అప్పుడు వాళ్ళలో ఒకాయన అన్నాడు: "సారున్నడు గద. సారు నాలుగు సవాళ్ళడుగుతడు. ఎవలకు తెలివెక్కువుంటె వాళ్ళే సర్పంచ్. ఏమంటరు?"

అందరూ సరేనన్నారు. నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఇదీ పద్ధతంటే!" అన్నాను. ముప్పై ఏళ్ళుగా దేశానికి చెబుతున్న మాట మా ఊరు విన్నదని ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఇంటికి పోయి కొత్త తెల్లకాగితం తీసి, పది ప్రశ్నలు రాసి, పక్కన మార్కులకు రెండు గళ్ళు గీశాను. ఎవరికెంత తెలుసో తేల్చడానికి రాసిన ప్రశ్నలు కావు అవి. ఎవరు గెలవాలో తెలిసి రాసినవి.

ఆదివారం పొద్దున బడి వరండాలో పరీక్ష. ఊరంతా వచ్చింది. తరగతి గది నుంచి బోర్డు తెప్పించి గోడకు ఆనించాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గ్రామసభ అధికారాలేమిటి, స్థాయీ సంఘాలు ఏమేం ఉండాలి, రాజ్యాంగంలో పంచాయతీల భాగం ఏది, మూడు వీధులకు రోడ్డు వేస్తే వైశాల్యం ఎంత. ఇట్లాంటివి. నా విద్యార్థిని టకటకా చెప్పేసింది. నేను పెన్నుతో టిక్కులు కొడుతుంటే కింది వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో ఆమె వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఒక్కో ప్రశ్నకూ "తెల్వది సారు" అంది. నాలుగో ప్రశ్నకొచ్చేసరికి జనంలో ఎవరో ఆమె కంటే ముందే "తెల్వది సారూ" అని సాగదీశారు. అందరూ ఫక్కుమన్నారు. నేను ఆపలేదు. క్లాసులో అయితే ఆపేవాడిని.

పదో ప్రశ్న మాత్రం జాలితో అడిగాను. ఆమెకూ ఒకటైనా రానీ అనుకున్నాను. "కాలనీ ఆఖరి ఇంటికి నీళ్ళు ఎందుకు ఎక్కుతలేవు?"

నా విద్యార్థిని బోర్డు దగ్గరికి వచ్చి చాక్‌పీసు తీసుకుంది. ట్యాంకు బొమ్మ వేసింది, గుట్ట వాలు గీసింది. పైపు వెడల్పు, పీడనం, దూరం పోయేకొద్దీ పీడనం తగ్గడం, మధ్యలో నీళ్ళను పైకి తోసే బూస్టరు పంపు పెట్టాల్సిన అవసరం, అన్నీ వరసగా చెప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెప్పిన పాఠం ఇంత బాగా ఎవరూ అప్పజెప్పలేదు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాను రెండో ఆమెతో.

"కారణం నాకు తెల్వది సారు," అంది. మళ్ళీ తనే, "గని కరెంటు లేని నాడు ఎక్కుతున్నయి," అంది.

"ఏంటిదీ?"

"పొద్దుగాల నీళ్ళిడిసేటప్పుడు కరెంటు పోతె, ఆ నాడు ఆఖరింటి నల్లకు నీళ్ళొస్తున్నయి సారు. రెండు మూడు పారి నా కండ్లతోని చూసిన."

వరండా అంతా గొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వితే నవ్వాను, ఊరుకున్నానా? చాక్‌పీసు అందుకుని పాఠం మొదలుపెట్టాను. "చూడమ్మా, ట్యాంకు నిండినంక నీళ్ళు కిందికి దిగేటందుకు కరెంటెందుకు? అవి వాటంతట అవే దిగుతయి. కరెంటుంటే ఒక తీరు, లేకుంటే ఒక తీరు దిగయి." అంతటితో ఆగితే బాగుండు. జనం వైపు తిరిగి, "ఈమె చెప్పినట్టయితే ఊరి కరెంటు మొత్తం తీసేపిద్దాం. గుట్ట మీద చెరువు నిండుతది!" అన్నాను.

ఇక ఆ నవ్వులు ఎట్లా ఉంటాయో మీరే ఊహించుకోండి. కాలనీవాళ్ళు కూడా కొందరు నవ్వారు. ఊరి సారు నవ్వించినప్పుడు నవ్వకపోతే ఏం బాగుంటుందని నవ్వి ఉంటారు. ఆమె ముఖం ఎర్రబడలేదు, ఏడవలేదు. "నాకు సదువు లేదు సారు. చూసింది చెప్పిన," అంది. నేను ఆమె గడిలో సున్నా వేశాను. అందరికీ కనబడేట్టు కాగితం ఎత్తి చూపించాను.

వెళ్ళే ముందు రెండో ఆమె నా విద్యార్థిని దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. "నువ్వే ఉండు చెల్లె. నీకు తెలివుంది. గా ఆఖరింటికి జర నీళ్ళెక్కియ్యి." నా విద్యార్థిని "తప్పకుండా అక్కా" అంది. మనసారానే అంది.

మర్నాడు పొద్దున నేను వాకిట్లో పేపరు చదువుతున్నాను. లోపల్నుంచి నా భార్య కేకేసింది. "నీళ్ళిడిసిన్రు. మోటరెయ్యవయ్య!"

లేచి పోయాను. మా ఇంట్లో నల్లాకు ఒక చిన్న మోటారు బిగించి ఉంటుంది. వేస్తే పైపులో నీళ్ళను లాగి సంపులోకి తోస్తుంది. సంపు నుంచి మిద్దె మీది డ్రమ్ముకు, పెరట్లో పెట్టిన బత్తాయి మొక్కలకు. నా ఒక్కడికే కాదు, కింది వీధిలో ఇంటింటికీ ఉంది. అందరికీ తెలుసు, అందరం వేస్తాం. నా వేలు స్విచ్చు మీద ఉంది. అప్పుడు అర్థమైంది.

అర నిమిషం కూడా పట్టలేదు. కరెంటు పోతే మా మోటార్లు ఆగిపోతాయి. మా మోటార్లు ఆగితే నీళ్ళు వాలెక్కి ఆఖరి ఇంటి దాకా పోతాయి. ఆమె చూసింది నిజం. నా విద్యార్థిని వేసిన బొమ్మలో మోటార్లు లేవు. నేను చెప్పిన పాఠంలోనూ లేవు. ఊరంతటి ముందు, తెలివంటే ఇదీ అని చూపించిన ఇద్దరం తప్పు చెప్పాం. సున్నా వచ్చిన మనిషి ఒక్కతే సరిగ్గా చెప్పింది.

అంతా అర్థమైంది. అర్థమయ్యాక స్విచ్చు వేశాను.

ఇక్కడే ఆగి నన్ను నేను రెండు తిట్టుకుని ముందుకు పోతే హాయిగా ఉండేది. కానీ అప్పుడు నాలో ఏం జరిగిందో చెప్పాలి. సిగ్గుపడలేదు నేను. తెలివి పనిచేసింది. ఒక్క నేను ఆపితే ఏమవుతుంది, వీధంతా మోటార్లే కదా అంది. ఇప్పుడు పోయి చెబితే ఊళ్ళో నా పరువేం కావాలి అంది. సర్పంచ్ కాబోయే అమ్మాయి పేరు మొదట్లోనే పాడవుతుంది, అది ఊరికి మంచిదా అని కూడా అంది. కాఫీ చల్లారేలోపల కావలసినన్ని కారణాలు దొరికాయి. చదువు రాని మనిషికి అన్ని కారణాలు అంత తొందరగా దొరకవేమో.

నెల రోజుల తర్వాత కొత్త సర్పంచ్‌ దగ్గర ఈ సంగతి కొంచెం కదిపి చూశాను. నా విద్యార్థిని నవ్వింది. "నాకు తెలుసు సర్. పరీక్ష రోజు సాయంత్రమే తట్టింది."

"మరి?"

"మోటార్లు తీసేయమంటే కింది వీధి మొత్తం మన మీద పడుతుంది సర్. మా మామగారిదే పెద్ద మోటారు. దానికంటే బూస్టరు కోసం ప్రపోజల్ పెడదాం. ఎవరికీ నొప్పి ఉండదు, నీళ్ళూ ఎక్కుతాయి."

ఎంత తెలివైన పిల్ల! అప్పుడు నేను అనుకున్నది సరిగ్గా ఇదే. మెచ్చుకోలుగా తల కూడా ఊపాను.

ఆ తర్వాత అయిదేళ్ళూ ఆమె ఊరికి ఎన్నో చేసింది. సిమెంటు రోడ్లు వేయించింది, బడికి మరుగుదొడ్లు కట్టించింది, నర్సరీలో వేసిన మొక్క ఒక్కటీ ఎండనివ్వలేదు. పెద్దాఫీసర్లు వచ్చి మా పంచాయతీని మెచ్చుకుని పోయారు. బూస్టరు కోసం అర్జీలు పోతూనే ఉండేవి. వాటిని దిద్దేది నేనే. అంత చక్కటి అర్జీలు జిల్లాలో ఇంకెవరూ పెట్టి ఉండరు. బూస్టరు మాత్రం రాలేదు. ఎవరైనా గ్రామసభలో కాలనీ నీళ్ళ మాట ఎత్తితే ఆమె లేచి నాలుగు నిమిషాలు మాట్లాడేది. అడిగినవాళ్ళు తామే తప్పు అడిగామనుకుని కూర్చునేవారు. ఒకసారి ఊళ్ళో అన్ని ఇళ్ళకూ మంచినీళ్ళు అందుతున్నాయని తీర్మానం చేసి పంపాల్సి వచ్చింది. "పైపు వేసిన తర్వాత అందినట్టే కదా సర్, ప్రెషరు సంగతి వేరే," అంది. పెద్దమనిషిగా సంతకం పెట్టమంటే పెట్టాను. నా సంతకం గుండ్రంగా, అందంగా ఉంటుంది. పిల్లలు కాపీ కొట్టేవాళ్ళు.

మూడో ఏడో నాలుగో ఏడో, ఒక పొద్దున గొర్ల కాపరి ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని ఉంది.

"సారు, జర గీ పోరి నడక చూడు," అంది. "నడువు బిడ్డా. గా చెట్టు దాక పోయి రా."

పిల్ల మా వాకిట్లో జామ చెట్టు దాకా నడిచి వచ్చింది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పాదాలు ఎడంగా పడుతున్నాయి. ఆ పిల్లకు తన నడకలో ఏముందో తెలియదు. తిరిగొచ్చి నా ముఖం చూసి నవ్వింది. ముందు పళ్ళ మీద పసుపు గీతలు.

"నీళ్ళిడిసే గంట సేపు మోటర్లు బంద్ పెడ్తె సరిపోతది సారు. ఎవలేం సచ్చిపోరు. సర్పంచ్‌తోని చెప్పిన, వినలే. నువ్వు చెప్తె ఊరింటది," అంది ఆమె.

సరిగ్గా అప్పుడు మా మోటారు పనిచేస్తోంది. గోడ అవతల గర్రుమంటోంది. ఆమె ఒకసారి అటు చూసింది. మోటారు గురించి ఒక్క మాట అనలేదు. అంటే నాకు కోపం తెచ్చుకునే దారి దొరికేది.

"బూస్టరుకు రాసినమమ్మా. ప్రాసెస్‌ల ఉన్నది," అన్నాను.

"ఎప్పుడొస్తది సారు?"

"వస్తది. పైనుంచి రావాలె గద."

"పోదాం పా బిడ్డా," అని పిల్లను తీసుకుని పోయింది. నేను గేటు వేసుకున్నాను. ఆ రోజు కూడా మోటారు ఆపలేదు. డ్రమ్ము ఇంకా నిండలేదని, నా భార్య చూస్తోందని ఆపలేదు. ఛీ, ఈ వాక్యం రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

పదవీకాలం ముగిసింది. తర్వాత దాదాపు రెండేళ్ళు ఎన్నికలే లేవు, అధికారి పాలన. మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏకగ్రీవం మాట ఎవరో ఎత్తారు. ఈసారి కాలనీ ఆడవాళ్ళు, గొర్ల కాపరుల ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి వచ్చి, "పరీక్షలొద్దు, ఓట్లు పెట్టున్రి," అన్నారు. ఓట్లు పడ్డాయి. మళ్ళీ ఆ ఇద్దరే నిలబడ్డారు. గొర్ల కాపరి ఆమె గెలిచింది. నేను ఎవరికి వేశానో దాచను. నా విద్యార్థినికే వేశాను. అంతా తెలిసి కూడా చెయ్యి అటే పోయింది. చదువు లేని మనిషి చేతిలో ఊరిని పెట్టడానికి నాకు అప్పటికీ మనసొప్పలేదు.

గెలిచిన మూడో రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. వెంట ఎవరూ లేరు, చేతిలో కాగితం లేదు. నీళ్ళు వదిలే వేళకు అరగంట ముందు.

"సారు, నీ మోటరు మొదాలు ఇప్పిపిస్త. నీదిప్పితె మిగిలినోళ్ళు మాట్లాడరు," అంది.

"టీ తాగుతవా అమ్మా?" అన్నాను.

"తాగుత," అంది.

ప్లంబరును పిలిపించి మోటారు విప్పించాను. ఆమె మా గడప మీద కూర్చుని టీ తాగి, నీళ్ళు వదిలే గంట అయిపోయే దాకా ఉండి పోయింది. మర్నాడు పక్కింటికి పోయింది. ఆ తర్వాత మాజీ సర్పంచ్ మామగారింటికి. కొందరు తిట్టారు. గొర్లు కాసేదానికి ఇంత పొగరా అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు, గడప మీద కూర్చుంది. తిట్టి తిట్టి వాళ్ళకే విసుగొచ్చింది. పది పన్నెండు రోజుల్లో వీధిలో మోటార్ల చప్పుడు ఆగిపోయింది. ఆఖరి ఇంటి నల్లాలో నీళ్ళు వచ్చాయి. పది రోజుల పని. దానికి మేం అయిదేళ్ళు అర్జీలు రాశాం.

తెలివి అక్కర్లేదని నేను తీర్పు చెప్పబోవడం లేదు. మళ్ళీ తీర్పు చెప్పే అర్హత నాకెక్కడిది? ఈ సర్పంచ్ కూడా తప్పులు చేస్తుంది. ఒకసారి చదవకుండా ఏదో కాగితం మీద సంతకం పెట్టి ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగింది. ఇప్పుడు ప్రతి కాగితం నా దగ్గరికి తెచ్చి చదివించుకుంటుంది. సున్నా వేసినవాడి దగ్గరికి వచ్చి కూర్చుని, "జర మెల్లగ చదువు సారు, నాకు సమజ్ కావాలె," అంటుంది. నేను చదువుతుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాదు. నా విద్యార్థినికి తెలివి తక్కువై నీళ్ళు ఆగలేదు. నాకూ తక్కువై కాదు. మాకిద్దరికీ తెలిసింది. తెలిసి ఊరుకోవడానికి ఆ తెలివే పనికొచ్చింది. ఇంతకు మించి నేనేం తేల్చలేకపోయాను.

ఈ మధ్య ఒక సాయంత్రం కాలనీ ఆఖరి ఇంటికి పోయాను. ఏడేళ్ళలో అక్కడికి పోవడం అదే మొదలు. ముసలామె మంచంలో ఉంది, లేవలేదు. "సారొచ్చిండు, కుర్చెయ్యే," అని మనవరాలితో అంది. ఆ పిల్లకిప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చింది. నడుస్తుంటే మోకాళ్ళు రాసుకుంటున్నాయి. నల్లగొండ దవాఖానలో చూపించారట. ఇప్పటికైనా నీళ్ళు మారాయి కాబట్టి ఇంకా ముదరదని, వంగింది మాత్రం అంత తేలిగ్గా సక్కబడదని చెప్పారట. ఆపరేషన్ మాట పెద్దయ్యాక చూద్దామన్నారట.

పిల్ల ఒళ్ళో లెక్కల నోటుబుక్కు ఉంది. ఊరుకోలేక చూశాను. భిన్నాలు. తర్వాతి పేజీలో ఇంకా బళ్ళో చెప్పని లెక్కలు తనంతట తానే చేసుకుంది. ఒకటి నేను నోటితో ఇచ్చాను, పై తరగతిది. కాసేపు గుమ్మం వైపు చూసి జవాబు చెప్పేసింది. మరొకటిచ్చాను. అదీ చెప్పింది. ముప్పై ఏళ్ళలో నా ముందు బెంచీలో అట్లాంటి పిల్లలు ముగ్గురో నలుగురో కూర్చుని ఉంటారు.

"తెలివైనదె సారు. నువ్వు జర చెప్పరాదు దానికి," అంది ముసలామె మంచంలోంచి.

"చెప్తనమ్మా," అన్నాను. ఇంకేమనగలను?

పిల్ల నోటుబుక్కు మూసి నా వైపు చూసింది. "సారు, ఒకటడగాల్నా?"

"అడుగు బిడ్డా."

"ఇప్పుడొస్తున్నయి గద నీళ్ళు. ముందుగాల ఎందుకు రాలే?"

అబద్ధం చెప్పడానికి వీలైనన్ని మాటలు నోటిదాకా వచ్చాయి. పైపు, వాలు, పీడనం. మింగేశాను. "మా ఇండ్లల్ల మోటర్లుండె బిడ్డా. అవి నీళ్ళన్ని గుంజుకునేటివి. మా ఇంట్ల గూడ ఉండె," అన్నాను.

"మరి గప్పుడు మీకెవరు చెప్పలేదా సారు?"

"చెప్పిన్రు."

పిల్ల నా ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో ఏమో, జాలిపడ్డట్టుంది. నన్ను ఓదారుస్తున్నట్టే మెల్లగా అంది: "మీకు సమజ్ కాలేదేమో సారు."

బతుకంతా నాకు అర్థం కానిది లేదని చెప్పుకుని తిరిగినవాడిని నేను. ఆ సాయంత్రం ఆ పిల్ల ముందు తల దించుకుని, "అవును బిడ్డా, సమజ్ కాలే," అన్నాను.